మన పిల్లలు: తెలివికి విటమినులు

ఉగాది సభలో పులిహోర వడ్డించే బల్ల దగ్గర ఒక చిన్న జంట మమ్మల్ని పట్టుకున్నారు. "అంకుల్, ఆంటీ, మా పాపకి అయిదో నెల. తెలివిగా ఎదగాలంటే ఏ విటమినులు వెయ్యాలి?" అని అడిగారు. ఆ సందడిలో ఏదో ముక్తసరిగా చెప్పి వచ్చేశాం. అసలు జవాబు ఈ నెల శీర్షికలో రాస్తున్నాం. అందులో మేము చేసిన పొరపాటు కూడా ఒకటుంది.

ముందుగా ఒక మాట. ఉన్న తెలివిని పెంచే విటమిను అంటూ ఏదీ లేదు. సరైన తిండి తింటున్న పిల్లవాడికి సీసాలకి సీసాలు పట్టించినా లెక్కలు అదనంగా రావు. కాని కొన్ని పోషకాలు లోపిస్తే మాత్రం రావలసిన తెలివికే అడ్డు పడుతుంది. మెదడు ఎదుగుదలలో చాలా భాగం మొదటి రెండేళ్లలోనే జరుగుతుంది గనక ఆ వయసులో లోపం మరీ ప్రమాదం.

మా రెండోవాడు 1984లో అమెరికాలోనే పుట్టాడు. మా ఇద్దరిలో ఒకరం ఆస్పత్రిలో మత్తు డాక్టరు, ఒకరం కెమిస్టు. ఇంట్లో అందరం శాకాహారులం, గుడ్డు కూడా ముట్టం. వేవిళ్లలో పాలవాసన పడక పాలు, పెరుగు మానెయ్యటం జరిగింది. కాన్పు తరవాత కూడా ఆ అలవాటు తిరిగి రాలేదు. పప్పు, కూర, చారు, ఊరగాయ, ఇవి చాలవా అనుకున్నాం. బిడ్డకి తల్లిపాలే.

అయిదో నెలలో బోర్లాపడి కిలకిల నవ్విన పిల్లవాడు ఎనిమిదో నెలకి నవ్వటం మానేశాడు. కూర్చోబెడితే ఒరిగిపోయేవాడు. వేళ్ల కణుపుల మీద నలుపు తేలింది. ఊరినించి వచ్చిన మామ్మగారు, "కొందరు పిల్లలు అంతేనర్రా, నిదానం. మీ నాన్న మూడేళ్లకి గాని నోరు విప్పలేదు" అని ధైర్యం చెప్పారు. మాకూ ఆ మాట నమ్మటమే హాయిగా ఉంది. రెండు నెలలు అలా గడిపేశాం.

చివరికి పిల్లల డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "తల్లి ఏం తింటోంది?" అని. తల్లికీ బిడ్డకీ కూడా రక్తంలో బి-12 బాగా తక్కువని తేలింది. ఇంజక్షన్లు మొదలుపెట్టిన కొద్దిరోజులకే వాడు మా ముఖాలు చూసి నవ్వాడు. నడక, మాట ఆలస్యంగా వచ్చాయి. వాడిప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి, సుఖంగానే ఉన్నాడు. కాని చిన్నప్పుడు చదవటం నేర్చుకోవటానికి వాడు పడ్డ అవస్థలో ఆ రెండు నెలల వాటా ఎంత అని మేము ఇప్పటికీ అనుకుంటూనే ఉంటాం.

ఇది అప్పటికే తెలిసిన సంగతి. 1962లోనే వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజి డాక్టర్లు ఇలాంటి చంటిపిల్లల గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. బి-12ని తయారుచేసేవి సూక్ష్మజీవులే. మనకి అది పాలు, గుడ్లు, చేపలు, మాంసం ద్వారా అందుతుంది. పప్పుల్లో, కూరల్లో ఉండదు. పెద్దవాళ్ల కాలేయంలో కొన్నేళ్లకి సరిపడా నిలవ ఉండవచ్చు. పసిబిడ్డకి తల్లి ఇచ్చినదే ఆస్తి. నరాల మీది తొడుగు సరిగా ఏర్పడాలంటే అది కావాలి.

ఇక్కడ ఫోలిక్ ఆసిడ్ సంగతి కూడా చెప్పాలి. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం 1945లో లెడర్లీ కంపెనీలో దానిని కృత్రిమంగా తయారుచేసింది. బిడ్డ కడుపున పడకముందు నించే తల్లి దానిని రోజుకి 400 మైక్రోగ్రాములు తీసుకుంటే బిడ్డకి వెన్నుపాము, మెదడు లోపాలు చాలావరకు తప్పుతాయి. అయితే అది బి-12కి బదులు కాదు. పైగా బి-12 లోపంవల్ల వచ్చే రక్తహీనతని కప్పిపుచ్చుతుంది. నరాలకి మాత్రం లోపల దెబ్బ తగులుతూనే ఉంటుంది. ఆకుకూరల్లోనూ పప్పుల్లోనూ ఫోలేటు దండిగా ఉంటుంది గనక మన ఇళ్లలో ఈ లోపం త్వరగా బయటపడదు.

ఇక చెయ్యవలసినవి.

ఒకటి. శాకాహారులైన గర్భిణులు, బాలింతలు బి-12 పరీక్ష చెయ్యమని డాక్టరుని అడగండి. గర్భిణికి రోజుకి 2.6, పాలిచ్చే తల్లికి 2.8 మైక్రోగ్రాములు కావాలి. కప్పు ఆవుపాలలో ఒక మైక్రోగ్రాము పైచిలుకు ఉంటుంది. పాలు పడకపోతే మాత్ర తప్పదు. ఈ మధ్య చాలామంది వాడుతున్న బాదంపాలు, ఓట్‌పాలలో బి-12 ప్రత్యేకంగా కలిపితేనే ఉంటుంది. డబ్బా మీద చూసి కొనండి.

రెండు. ఇనుము. ఆరో నెల దాటాక మెత్తగా ఉడికిన పప్పు, ఆకుకూర, ఇనుము కలిపిన సీరియల్ పెట్టండి. పప్పులో నిమ్మరసం పిండితే ఇనుము బాగా వంటబడుతుంది. ఏడాది నిండేదాకా తాగటానికి ఆవుపాలు వద్దు. తరవాతైనా రోజుకి మూడు కప్పులు మించనివ్వకండి. సీసాడు పాలతో కడుపు నింపుకున్న పిల్లవాడు అన్నం ముద్ద ముట్టడు.

మూడు. అయొడిన్. కడుపులో బిడ్డ మెదడుకి ఇది అత్యవసరం. సైంధవలవణం, సముద్రపు ఉప్పు మంచివని కొనేవాళ్లు, వాటిలో చాలావాటికి అయొడిన్ కలపరని గుర్తుంచుకోండి. అయొడైజ్డ్ అని రాసి ఉన్న ఉప్పే వాడండి.

మందులు మీ అంతట మీరు వెయ్యకండి. ఇనుము మాత్రలు పిల్లల చేతికి అందితే ప్రాణాంతకం, బీరువాలో పెట్టి తాళం వెయ్యండి.

ఆ చిన్న జంటకి చివరి మాట. పాప నిన్న చేసిన పని ఇవాళ మానేస్తే, "నిదానంలే" అని ఊరుకోకండి. మర్నాడే డాక్టరుకి ఫోను చెయ్యండి. మీరు ఏం తింటున్నారో ఆయన అడగకపోయినా చెప్పండి. మామ్మగారు కోప్పడితే మా పేరు చెప్పండి.