స్కీలు కొనబోవు వారికి
మా మేనల్లుడు రెండు శీతకాలాలు కాశ్మీరంలోని గుల్‌మార్గ్‌లో అద్దె స్కీలపై మంచులో జారుట నేర్చినాడు. "మామయ్యా, ఇక సొంతానికి పొడుగువి కొంటాను" అన్నాడు. మంచు మొగమెరుగని గుమాస్తాలమైనా, చదివి తెలిసికొన్నది చెప్పితిమి.

ముందు పాదానికి సరియైన బూట్లు, స్కీలు తరువాత. ఓ మాదిరిగా నేర్చినవానికి నిలబెట్టిన స్కీ గడ్డానికీ నుదుటికీ మధ్యకు వస్తే చాలును. పాదము క్రింద వెడల్పు 80 నుండి 90 మిల్లీమీటర్లు. మరీ పొడుగుది వేగంలో నిలకడగా ఉంటుంది గాని మలుపులో మొరాయిస్తుంది.

బూటును పట్టి ఉంచే బైండింగు బిగింపునకు దుకాణంలో బరువు, ఎత్తు, వయస్సు, నేర్పు అడుగుతారు. గొప్పకు పోయి "ఆరితేరినవాడను" అని వ్రాస్తే, పడినప్పుడు బూటు విడివడక కాలు విరగవచ్చును. ఇరవై ఏండ్లుగా ఫారములు చూస్తున్నాము. వ్రాసినవాని కాలికే శిక్ష వేయు ఫారము ఇదొక్కటే!