కాఫీగింజలు ఇంటనే వేయించుకొనరాదా?

మన అనంతపురము మెట్టలో కాఫీ పండదు. పండునని చెప్పి ఎవరైన నారు అమ్మవచ్చినచో వారిని వాకిటనుండియే సాగనంపుడు. కాఫీచెట్టుకు ఏడాదికి 1500 మిల్లీమీటర్ల ప్రాంతమున వాన, చల్లని కొండగాలి, పైన పెద్దచెట్ల నీడ కావలెను. మనకు కురియునది 550 చుట్టుప్రక్కల. అదియు అనేక సంవత్సరములలో అదను తప్పియే. కనుక ఇది కాఫీసాగును గూర్చిన వ్యాసము కాదు. మనము డబ్బిచ్చి కొని తెచ్చుకొను కాఫీని గూర్చినది.

వ్యవసాయశాఖ పత్రికలో ఈ ప్రసంగమెందుకని పెద్దలు కొందరు అడుగవచ్చును. కాఫీ త్రాగుట మానుమని చెప్పవలసినది పోయి, వేయించుకొమ్మని చెప్పుటయా అని కూడ అనవచ్చును. మానగలవారు మానవచ్చును, నాకు అభ్యంతరము లేదు. కాని తెల్లవారి చేనికి పోవు మనిషి ముందుగా ఒక లోటా కాఫీ త్రాగి పోవుట ఇప్పుడు మన పల్లెలలో సాధారణమైనది. ఆ లోటాలో ఉన్నది కాఫీయా, మరొకటియా అన్నదే నా ప్రశ్న.

అంగడిలో కొనిన పొట్లమును ఒకసారి త్రిప్పి చదువుడు. చిన్న అక్షరములలో 53:47 అనియో, 60:40 అనియో ఉండును. మొదటిది కాఫీ పాలు, రెండవది చికోరి పాలు. చట్టము ప్రకారము ఇట్టి మిశ్రమములో కాఫీ నూటికి 51 పాళ్లకు తగ్గరాదు. పాళ్లను పొట్లముపై ముద్రింపవలెను. చికోరి విషము కాదు. అదొక మొక్క వేరు; ఎండబెట్టి, వేయించి, పొడి చేయుదురు. నెపోలియను కాలమున ఫ్రాన్సు దేశమునకు కాఫీ దిగుమతి నిలిచిపోగా అక్కడి ప్రజలు ఈ వేరుతో సరిపెట్టుకొనిరి. రంగు, చిక్కదనము ఇచ్చును. కావలెనని కలుపుకొనువారిని తప్పుపట్టను. కాని 500 గ్రాముల 53:47 పొట్లములో కాఫీ 265 గ్రాములే. తక్కిన 235 గ్రాములు వేరుపొడి. ఈ లెక్క తెలిసి కొనువారెందరు?

విడిగా తూచి ఇచ్చు పొడి సంగతి ఇంకను కష్టము. దానిపై అక్షరమే ఉండదు. చింతగింజల పొడి కలుపుటయు కలదు. ఒక గాజుగ్లాసులో నీరు పోసి పైన చిటికెడు పొడి చల్లి చూడుడు. కాఫీపొడి కొంతసేపు తేలును; చికోరి వెంటనే రంగుచారలు విడుచుచు అడుగునకు దిగును. కాని పరీక్ష చేసి తెలిసికొనుటకన్న గింజనే తెచ్చుకొనుట మేలు. గింజలో కల్తీ కంటికి కనబడును.

గింజ ఎక్కడ దొరకును? మన జిల్లానుండి దినమును బెంగుళూరుకు పోయివచ్చువారు తక్కువ కాదు. అక్కడి కాఫీ దుకాణములలో ఎదుటనే వేయించి మర ఆడించి ఇచ్చుట పాత అలవాటు. పచ్చిగింజలు అడిగిన ఇచ్చువారును కలరు. ప్లాంటేషన్ అన్నచో కడిగి ఎండబెట్టిన అరబికా. చెర్రీ అన్నచో పండునట్లే ఎండబెట్టి దంచినది. పీబెర్రీ అన్నది కాయలో రెండు బద్దలకు బదులు ఒక్కటే గుండ్రముగా పెరిగిన గింజ. క్రొత్తగా నేర్చువారికి నేను పీబెర్రీయే చెప్పుదును. బాండలిలో శనగవలె దొర్లుచు అన్ని వైపుల సమముగా వేగును. పచ్చిగింజ తడి తగులకున్న చాల నెలలు నిలువయుండును. వేయించిన గింజ రెండు మూడు వారములకు, పొడి కొలది దినములకే వాసన కోల్పోవును. ఇంట వేయించుకొనుటలోని లాభమంతయు ఇక్కడనే యున్నది.

పని కష్టము కాదు. నల్లగింజలు, విరిగినవి, బూజు పట్టినవి మొదట ఏరివేయుడు. మందమైన ఇనుప బాండలి కాగిన తరువాత పావుకిలోకు మించకుండ పోసి, మధ్యరకపు మంటపై కట్టెగరిటెతో ఎడతెగక కలుపుడు. గింజలో నూటికి 10 నుండి 12 పాళ్లు తేమ యుండును. మొదట అది పోవలెను. అప్పుడు పచ్చిగడ్డి వాసన వచ్చును. పిదప గింజ పసుపుపచ్చనై జొన్నపేలాల వాసన వేయును. పొట్టు లేచి ఎగురును. కనుక మంట చుట్టుప్రక్కల కాగితము, గుడ్డ, ప్లాస్టిక్కు ఉంచరాదు. పది పండ్రెండు నిమిషములకు గింజ చిటపటమని పగులును. ఇది మొదటి పగులు. అప్పటికి గింజ వేడి 200 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతమునకు వచ్చును. ఆ చప్పుడు సద్దుమణిగిన తరువాత ఒకటి రెండు నిమిషములు చాలును. ఇంకను ఉంచిన సన్నని రెండవ చప్పుడు, దట్టమైన పొగ, గింజపై నూనె వచ్చును. అది మాడుటకు మొదలు.

దించగానే బాండలిలో విడువకుడు. తన వేడికి తానే వేగుచుండును. కోరిన రంగుకు ఒక వాసి ముందే దించి చేటలో పోసి చెరుగుడు. ఒక్క పనితో పొట్టు పోవును, గింజ చల్లారును. ఇందుకు చేటను మించిన పరికరము నాకు తెలియదు. తరువాత ఒక దినము గాలి పోవునట్లు వదులుగా మూతవేసి ఉంచి, ఆపైన గట్టి డబ్బాలో పోయుడు. కావలసినంత మాత్రమే పొడి చేసికొనుడు.

కల్యాణదుర్గము ప్రక్కన ఒక పల్లెలో స్వయంసహాయక సంఘపు స్త్రీల ఎదుట దీనిని చేసి చూపితిమి. నా చేత గడియారము, ఉష్ణమాపకము ఉన్నవి. పూర్వము బొరుగుల బట్టీ నడపిన అవ్వ ఒకతె గరిటె తీసికొని, "చప్పుడు ఇంటా ఉండల్ల సారూ, గడియారం జూస్తా కూచుంటే మాడిపోతాది" అన్నది. ఆమె దించిన గింజ ఉన్నవానిలో మేలైనది. వేయించుట మన స్త్రీలకు క్రొత్తగా నేర్పవలసిన విద్య కాదు. శనక్కాయ, బొరుగులు, పేలాలు, పప్పులు దినమును వేయించు చేతులే అవి.

ఇక లెక్క. వేయించినప్పుడు బరువు నూటికి 15 పాళ్ల వరకు తగ్గును. కిలో పచ్చిగింజకు సుమారు 850 గ్రాములు చేతికి వచ్చును. పైన చెప్పిన పొట్లములోని 265 గ్రాముల కాఫీకి కావలసిన పచ్చిగింజ 310 గ్రాములకు కొంచెము పైన. మీ ఊరి ధరలు వేసి పోల్చుకొనుడు. ధర నేను వ్రాయను. అది నిలుకడగా ఉండుట లేదు. 2024లో బ్రెజిలు దేశమున వానలు తప్పినవి. 2025 మొదటికి ప్రపంచ విపణిలో అరబికా ధర మునుపెన్నడు లేనంత పెరిగినది. కరవు ఎక్కడ వచ్చినను మన లోటా వరకు వచ్చును.

నేను దీనిని ఇంతగా చెప్పుటకు మరియొక కారణము కలదు. అరకు గిరిజన రైతుల కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. అంతకు ముందే, 2017లో, అరకు పేరున పారిసు నగరమున దుకాణము వెలసినది. అక్కడ అమ్ముడగునది పచ్చిగింజ కాదు, వేయించిన గింజ. కొండపై ఏడాది పొడుగున పడిన శ్రమకు చివరి పదిహేను నిమిషముల మంట ఎంత వెల చేర్చునో చూడుడు. మనము వేరుశనగ కాయను కళ్లమునుండియే వర్తకునకు తూచి ఇచ్చి, వేయించి ఉప్పు చల్లిన ఆ గింజనే చిన్న పొట్లములలో పిల్లలకు కొని తెచ్చుచున్నాము. పావుకిలో కాఫీ వేయించి, తూచి, తరుగు లెక్కవేసిన ఇల్లాలు తమ చేని శనక్కాయకును ఆ లెక్క వేయకపోదు.

సంఘముగా చేసి అమ్మదలచినవారు ముందుగా ఆహార భద్రతా శాఖ వద్ద నమోదు చేయించుకొనవలెను. పొట్లముపై బరువు, వేయించిన తేదీ వ్రాయవలెను. గ్రామాధికారులు ఈ నమోదు సంగతి సంఘములకు ముందే తెలుపుట మంచిది. ఇంటిమట్టుకు చేసికొనువారికి ఇవేవియు అక్కరలేదు. బాండలి మాత్రము వేరుగా పెట్టుకొనుడు. తాళింపు వాసన కాఫీగింజ సులభముగా పట్టుకొనును.