శాస్త్రము మనది, కథ పరులదా?

వైజ్ఞానిక కల్పనాకథ శూన్యమునుండి పుట్టదు. పరిశోధకుడు కనుగొన్న సత్యము ముందు నడచును. రచయిత యూహ దాని వెంట నడచును. ఈ క్రమము నెఱిగిన జాతి తన పరిశోధనాలయముల తలుపులను తన భాషకు మూసి యుంచదు. మనమో, మూసికొని కూర్చున్నాము.

తిరుపతికి చేరువనున్న గాదంకిని చూడుడు. అచ్చట 1,024 ఏంటెన్నాల మహా రాడారు రేడియో తరంగములను నింగికి పంపి, మరలివచ్చు ప్రతిధ్వనులవలన పైగాలుల గమనమును గుర్తించుచున్నది. తూర్పున సముద్రతీరమందలి శ్రీహరికోటనుండి 2023 జూలై 14న చంద్రయానము-3 వెడలెను. అందలి విక్రమ్ ఆగస్టు 23న చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున దిగి, అచ్చటి నేలపైభాగమునకును బెత్తెడు లోతునకును నడుమ సుమారు 60 డిగ్రీల ఉష్ణభేదము గలదని తెలిపెను. పైన మండువేసవి, బెత్తెడు క్రింద గడ్డకట్టు చలి! కథకునకు ఇంతకు మించిన వస్తువేమి కావలయును?

"ఇవియన్నియు మన పురాణములందే కల"వనువారొక తెగ. "శాస్త్రము తెలుగున నిముడ"దనువారు మఱియొక తెగ. మొదటివారిని మేమడుగునది యొక్కటే: పుష్పకమును స్మరించినంతనే రాకెట్టు లేచెనా? రెండవవారికి వంగ, మహారాష్ట్రములే ప్రత్యుత్తరము. రేడియో తరంగములను శోధించిన జగదీశచంద్ర వసువు 1896లో వంగభాషయందొక కథ వ్రాసెను. అందు సీసాడు తలనూనెతో సముద్రమున తుపాను శమించును! నవ్వు పుట్టించు నా కథకు మూలము ద్రవముల తలతన్యతను గూర్చిన శాస్త్రసత్యమే. ఖగోళశాస్త్రజ్ఞుడు జయంత నార్లీకర్ 1974లో కృష్ణబిలము వస్తువుగా మరాఠీలో కథ వ్రాసి బహుమానము నందెను. వారి శాస్త్రము తగ్గెనా? వారి భాష చెడెనా?

తెలుగువారికి అభిరుచి లేదనుటయు నిరాధారము. 1991లో సింగీతము శ్రీనివాసరావు "ఆదిత్య 369" చిత్రమున కాలయంత్రమును చూపగా జనులాదరింపలేదా? అయితే ఆ యూహ ఆంగ్లేయుడైన వెల్సు 1895లో ప్రకటించిన నవలనాటిది. పెరటిచెట్టు మందునకు రాదన్నట్లు, మన ముంగిటి రాడారు మన కథకు రాకపోవుట యేమి న్యాయము?

కావున మా కోరిక స్పష్టము. పరిశోధనాలయములు తమ ఫలితములను తేటతెలుగునను ప్రకటింపవలయును. 1954లో నెలకొన్న శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రపు పండితులును తెలుగు పండితులును ఒక్కచోట కూర్చుండవలయును. రచయితలు గాదంకికి పోయి, చూచి, అడిగి, తెలిసికొని వ్రాయవలయును. ప్రజాధనముతో నార్జించిన జ్ఞానము చిత్తూరు సీమ రైతుబిడ్డకు తన మాటలో నందుట యెవరి దాక్షిణ్యమును కాదు. అది వాని హక్కు. ఆ హక్కు చెల్లువఱకు, చంద్రుని ముట్టితిమని మనము చాటుకొనుట సగము సత్యమే.