అద్దె విమానానికి జెండా ఉండదు

కాటన్ అనంగనే మనకు గోదావరి ఆనకట్ట యాదికొస్తది. ధవళేశ్వరం కట్టిన ఆర్థర్ కాటన్ గురించి బడి పుస్తకాల్లో చదువుకున్నం. విగ్రహాలు చూసినం. కాని మన గడ్డ మీద విమానాలు దింపిన కాటన్ ఇంకొకడున్నడు. ఆయన పేరు సిడ్నీ కాటన్. ఆయన నీళ్లు తేలేదు, తుపాకులు తెచ్చిండు. రాత్రిపూట, విమానాల్లో, కిరాయికి.

1948 సెప్టెంబర్ గురించి ఏటేటా కొట్లాడుకుంటం. విమోచనమా, విలీనమా, విద్రోహమా అని స్టేజీల మీద గొంతు చించుకుంటం. కాని ఆ సెప్టెంబర్‌కు ముందు కొన్ని నెలల పాటు బీదర్, వరంగల్ రన్‌వేల మీద ఏం దిగిందో అడిగినోళ్లు తక్కువ. ఇప్పుడు వరంగల్ మామునూరు ఎయిర్‌పోర్టు మళ్ల ముచ్చటలోకి వచ్చింది. రావాల్సిందే. అయితే ఆ రన్‌వే పాత కథ ఒకసారి తెలుసుకొని ముందుకు పోదాం.

సిడ్నీ కాటన్ 1894లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో పుట్టిండు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నౌకాదళానికి విమానం నడిపిండు. పైన చలికి పైలట్లు గడ్డకట్టుకపోకుండ ఒక సూటు కనిపెట్టిండు. దానికి ఆయన పేరు మీదనే సిడ్‌కాట్ అని పేరు. రెండో యుద్ధానికి ముందు వ్యాపారి వేషంలో జర్మనీ మీదుగ తిరిగి, విమానంలో దాచిన కెమెరాలతో హిట్లర్ స్థావరాల ఫొటోలు తీసిండు. గుండె ధైర్యానికి కొదువ లేని మనిషి. చట్టం మీద మాత్రం పెద్దగ పట్టింపు లేని మనిషి. యుద్ధం ముగిసినంక లోకమంత మిగులు విమానాలు, పని లేని పైలట్లు. కొత్త బేరాలు వెతుక్కుంట తిరిగిన కాటన్ హైదరాబాద్‌కు మొదలు పల్లికాయ బేరం కోసం వచ్చిండు. పల్లికాయ బేరం కుదరలేదు. తుపాకుల బేరం కుదిరింది.

అప్పటి పరిస్థితి చూడాలె. 1947 నవంబర్ 29న నిజాం సర్కారుకు, భారత ప్రభుత్వానికి నడుమ యథాతథ ఒప్పందం జరిగింది. ఏడాది పాటు ఉన్నది ఉన్నట్టు నడవాలని దాని అర్థం. కాని రెండు దిక్కుల నమ్మకం లేదు. సరిహద్దుల మీద సరుకు ఆగిపోయింది. హైదరాబాద్‌కు సముద్రం లేదు, రేవు లేదు. నాలుగు దిక్కుల భారతదేశమే. మిగిలిన తొవ్వ ఒక్కటే, ఆకాశం. ప్రధాని లాయక్ అలీ సర్కారు ఆ తొవ్వను కాటన్‌కు అప్పజెప్పింది.

ఈ పనికి కాటన్ ఎంచుకున్నవి లంకాస్ట్రియన్ విమానాలు. జర్మనీ మీద బాంబులేసిన లంకాస్టర్ విమానాన్ని మార్చి, సరుకు కోసం, ప్రయాణికుల కోసం తయారుచేసిన రకం అది. నాలుగు ఇంజన్లు. ఒక్కసారి పెట్రోలు నింపితే వేల కిలోమీటర్లు పోతది. గుట్టంత అక్కడనే ఉన్నది. కరాచీ నుంచి బీదర్ దాదాపు 1300 కిలోమీటర్లు, వరంగల్ 1500. వచ్చి సరుకు దింపి, నడుమ ఎక్కడా పెట్రోలు పోసుకోకుండ మళ్ల కరాచీ పోవచ్చు. భారతదేశంలో దిగే అవసరం లేదు, అడిగే అవసరం లేదు. చీకటి పడ్డంక బయలెల్లాలె, తెల్లారక ముందే మాయం కావాలె. ఇదీ ఆ చిన్న అద్దె విమాన సర్వీసు నడిచిన తీరు. టికెట్లు లేవు, టైంటేబుల్ లేదు.

కాటన్‌కు నిజాం మీద ప్రేమ ఉండనవసరం లేదు, నెహ్రూ మీద పగ ఉండనవసరం లేదు. చార్టర్ అంటేనే అది. తోక మీద ఏ దేశం గుర్తున్నా సరే, ఆ రోజు విమానం కిరాయి కట్టినోడిది. ఇయ్యాల మందులు మోస్తది, రేపు తుపాకులు మోస్తది. తప్పు విమానానిది కాదు. ఎవరు పిలిచిన్రు, ఎందుకు పిలిచిన్రు, ఎవరి పైసలతో పిలిచిన్రు అనేదే అసలు ప్రశ్న.

ఎవరి పైసలు? భూమిశిస్తు కట్టినోళ్ల పైసలు. లెవీ ధాన్యం కొలిచినోళ్ల పైసలు. ఆ కాలంలో నల్లగొండ, వరంగల్ పల్లెల్లో జనం వెట్టి మీద, దొరల మీద తిరగబడ్డరు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి బురుజు చుట్టు రజాకార్లు, నిజాం బలగాలు ఎంత నెత్తురు పారించినయో మన తాతలు చెప్పిన్రు. పల్లెల్లో జనం చేతుల్లో వడిసెలలు, బరిసెలు. సర్కారు కోసం రాత్రి విమానాలు. జనం నోటికాడి బువ్వకు కరువున్న రాజ్యంలో పైసలు పోయింది అటు.

అంత చేసి దక్కిందేమిటి? సెప్టెంబర్ 13న భారత సైన్యం కదిలింది, 17 నాటికి అంతా అయిపోయింది. ఐదు రోజులు. కాటన్‌ను బ్రిటన్ కోర్టు తప్పు పట్టి 200 పౌండ్ల జుర్మానా వేసింది. ఒక రాజ్యం మీదికి నెలల తరబడి దొంగతనంగ ఆయుధాలు మోసినందుకు 200 పౌండ్లు! ఆయన 1969 దాక బతికిండు.

కథ అక్కడ ఆగలేదు. అదే సెప్టెంబర్‌లో నిజాం సర్కారు ఖాతా నుంచి 10,07,940 పౌండ్లు లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్ పేరు మీదికి పోయినయి. ఇచ్చింది చెల్లదు, వాపస్ ఇయ్యుమని నిజాం అన్నడు. డెబ్బై ఏండ్లు ఆ పైసలు బ్యాంకులోనే మురిగినయి. చివరికి విచారణకు వచ్చినప్పుడు పాకిస్తాన్ చెప్పిన వాదనల్లో ఒకటి, మేం ఆయుధాలు సమకూర్చినం, ఈ పైసలు దానికి సంబంధించినవేనని. అంటే కాటన్ విమానాలు 2019లో లండన్ కోర్టులో మళ్ల దిగినయన్నట్టు. 2019 అక్టోబర్ 2న హైకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. భారతదేశం, నిజాం వారసుల దిక్కు తీర్పు చెప్పింది. అప్పటికి ఆ సొమ్ము దాదాపు మూడున్నర కోట్ల పౌండ్లయింది. సర్కార్లు వాదించినయి, వారసులు వాదించిన్రు. శిస్తు కట్టిన రైతు మాత్రం ఆ కేసులో ఎక్కడా కక్షిదారు కాడు.

హైదరాబాద్ ఆకాశమంత చీకటే అని నేను అనను. అదే రోజుల్లో బేగంపేట నుంచి డెక్కన్ ఎయిర్‌వేస్ నడిచింది. నిజాం సర్కారుది పెద్ద వాటా, టాటాలది మిగిలిన వాటా. డకోటా విమానాలు, పట్టపగలు ఎగిరే సర్వీసులు, పేరు రాసుకొని టికెట్ ఇచ్చే పద్ధతి. ఆడపిల్ల పైలటయితే ప్రయాణికులు భయపడతరని వేరే కంపెనీలు వెనక్కి పంపిన ప్రేమ్ మాథుర్‌కు నౌకరి ఇచ్చింది ఈ డెక్కన్ ఎయిర్‌వేసే. దేశంలో మొదటి మహిళా కమర్షియల్ పైలట్ మన బేగంపేట కంపెనీలో ఎగిరింది. 1953 ఆగస్టు 1న ఎనిమిది కంపెనీలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేసినప్పుడు డెక్కన్ ఎయిర్‌వేస్ అందులో కలిసిపోయింది. పేరు కూడ మిగలలేదు.

ఒకే రాజ్యం, ఒకే ఖజానా, రెండు రకాల విమానాలు. ఒకటి జనానికి కనబడేటట్టు ఎగిరింది, ఇంకొకటి జనానికి కనబడకుండ దిగింది. ఈ తేడా పట్టుకుంటే మామునూరు గురించి ఏం అడగాల్నో తెలుస్తది.

నిజాం కాలపు మామునూరు ఎయిర్‌పోర్టు ఏండ్లకు ఏండ్లు గడ్డి మొలిచి పడి ఉన్నది. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపల ఇంకొక ఎయిర్‌పోర్టు రావద్దన్న ఒప్పందం చాలా కాలం అడ్డం నిలిచింది. 2024 నవంబర్‌లో ఇంకో 253 ఎకరాల భూసేకరణకు రాష్ట్ర సర్కారు 205 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. 2025 ఫిబ్రవరి 28న కేంద్రం అనుమతి వచ్చింది. పటాకులు కాలినయి, మిఠాయిలు పంచిన్రు. మంచిదే. వరంగల్‌కు విమానం ఎందుకు రావద్దు?

కాని 253 ఎకరాలు అంటే కాగితం మీది అంకె కాదు. దుక్కి దున్నిన చేతుల లెక్క అది. ఆ భూమి ఇచ్చే రైతుకు పక్క ఊర్లో అంతే భూమి కొనుక్కునే ధర రావాలె. వరంగల్ ఐటీఐలో, ఎన్ఐటీలో, కాకతీయ యూనివర్సిటీలో చదివిన పిల్లలకు ఆ ఎయిర్‌పోర్టులో గేటు కాడి సెక్యూరిటీ నౌకరే కాదు, ఇంజన్ కాడి నౌకరి, కంట్రోల్ టవర్‌లో నౌకరి రావాలె. దానికి శిక్షణ ఇక్కడనే పెట్టాలె. రోజూ నడిచే ప్రయాణికుల సర్వీసు ఉండాలె. ఎలక్షన్లప్పుడు నాయకుల చార్టర్లు, పెండ్లిళ్లప్పుడు పెద్దోళ్ల చార్టర్లు మాత్రమే దిగే రన్‌వే అయితే, అది మళ్ల కాటన్ రన్‌వేనే. సరుకు మారుతది, కిరాయి కట్టేటోడు మారుతడు, అంతే.

ఇది ఎయిర్‌పోర్టు వద్దనే మాట కాదు. మనం కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంలో ఏ పని మొదలైనా మొదటి ప్రశ్న మనమే అడగాలె. 1948లో ఆ ప్రశ్న అడిగే హక్కు జనానికి లేదు, విమానాలు చీకట్లో వచ్చిపోయినయి. ఇప్పుడు హక్కున్నది, వెలుతురున్నది. భూమి ఇచ్చిన రైతు బిడ్డ ఏదో ఒక రోజు ఆ విమానం ఎక్కుతదా, లేక కంచె అవతల నిలబడి చూస్తదా? అడుగుదాం.