వంద మైళ్ళ గీత
అమెరికా సైన్యంలో ఉద్యోగమంటే కుటుంబానికి వైద్యం ఉచితమని చాలామంది నమ్మకం. ట్రైకేర్ ప్రైమ్ అనే సైనిక ఆరోగ్య పథకంలో అది నిజమే, స్థావరం ఆసుపత్రిలో పని జరిగినంతవరకు చిక్కూ లేదు. పిల్లవాడికి గుండె డాక్టరు కావాల్సివస్తే మాత్రం ముందు ప్రైమరీ డాక్టరు రిఫరల్ రాయాలి, ప్రాంతీయ కాంట్రాక్టు కంపెనీ ఆమోదించాలి, ఆపైన నెట్‌వర్క్‌లో కొత్త పేషెంట్లను చేర్చుకునే స్పెషలిస్టు దొరకాలి. నాలుగు వారాల్లోపు, గంట ప్రయాణ దూరంలో చూపించాలని నిబంధన ఉంది. ఎడారిలో విసిరేసినట్టుండే స్థావరాలకు ఆ నిబంధన ఏం తెలుసు? ఓపిక నశించి రిఫరల్ లేకుండా వెళితే, డిడక్టిబుల్ పోను ఆమోదిత ఛార్జీలో 50 శాతం కుటుంబం నెత్తినే పడుతుంది. యూనిఫారంలో ఉన్న మనిషికైతే ఆ దారి కూడా లేదు. రిఫరల్‌తో వెళ్ళే కుటుంబానికి ప్రయాణ ఖర్చులు ఇస్తారు, కాకపోతే స్పెషలిస్టు ప్రైమరీ డాక్టరుకు 100 మైళ్ళ అవతల ఉండాలి. 95 మైళ్ళు కారు నడిపే తల్లికి పెట్రోలు ఎవరైనా ఊరికే పోస్తారా? ఆ ఊరికి పంపింది సైన్యమే, అడిగి వెళ్ళినవాళ్ళు తక్కువ. కాబట్టి దూరం ఎంతైనా మొదటి మైలు నుంచే ఖర్చు ఇవ్వాలి.