నెల తప్పితే ఆశ, నెలొస్తే దిగులు



పోయిన వారం ఉసిరికాయ పచ్చడి నల్లబడకుండా నిల్వ చేయడం గురించి చెప్పుకున్నాం. ఈ వారం వంటల సంగతి పక్కన పెట్టి, పక్కింటి వదినతో కూడా గొంతు తగ్గించి మాట్లాడుకునే విషయం ఒకటి చెప్పుకుందాం. పిల్లల కోసం ఎదురుచూస్తున్న ఇంట్లో కోడలికి నెలసరి వేళకు రాకపోతే ఏం చేయాలి? డాక్టరు దగ్గరికి ఎవరు వెళ్ళాలి?

మన గోదావరిఖనిలో ఏ కంపెనీ క్వార్టర్‌లోనైనా గోడమీది క్యాలెండరు చూడండి. ఆయన షిఫ్టులు, పాల లెక్క, గ్యాసు బండ వచ్చిన తేదీ, చిట్టీ కట్టాల్సిన రోజు అన్నీ ఉంటాయి. మన నెలసరి తేదీ మాత్రం ఉండదు. డాక్టరమ్మ మొట్టమొదట అడిగేది అదే. "పోయిన నెల ఎప్పుడు వచ్చింది?" అంటే "పండగ ముందరనో, వెనకనో" అంటాం.

లెక్క చాలా తేలిక. బహిష్టు మొదలైన రోజును ఒకటో రోజు అనుకోండి. మళ్ళీ బహిష్టు మొదలయ్యే ముందు రోజు దాకా లెక్కపెట్టండి. 21 నుంచి 35 రోజుల మధ్య వస్తే మామూలే. ఒక నెల రెండు మూడు రోజులు అటూ ఇటూ అయినా కంగారు పడక్కర్లేదు. 21 రోజుల లోపే వస్తున్నా, 35 దాటిపోతున్నా, మూడు నెలలపాటు అసలు రాకపోయినా అశ్రద్ధ చేయకూడదు. నెల ఇలా వేళ తప్పుతోందంటే అండం కూడా వేళకు విడుదల కావడం లేదని చాలాసార్లు అర్థం.

"పద్నాలుగో రోజు కలిస్తే కడుపు పండుతుంది" అనే మాట మీరూ వినే ఉంటారు. అది 28 రోజులకు నెలొచ్చే వాళ్ళ లెక్క. అండం విడుదలయ్యేది రాబోయే బహిష్టుకు సుమారు 14 రోజుల ముందు. 35 రోజులకు వచ్చే వాళ్ళకు అది 21వ రోజు దగ్గర పడుతుంది. ఒకసారి 40, ఇంకోసారి 60 రోజులయ్యే వాళ్ళు ఆ రోజును ముందుగా లెక్క కట్టలేరు. అందుకని దిగులు పడకండి. అండం ఒక్కరోజే బతికినా, వీర్యకణాలు లోపల అయిదు రోజుల దాకా బతకగలవు. కాబట్టి రెండు మూడు రోజులకొకసారి భార్యాభర్తలు కలుస్తుంటే చాలు. ఈ వారం నైటు షిఫ్టు, ఆ ఒక్కరోజూ తప్పిపోయిందని బాధపడే పని లేదు. తెల్ల కోడిగుడ్డు సొనలా సాగే తడి కనిపిస్తే అండం విడుదలయ్యే రోజులు దగ్గర పడ్డాయని గుర్తు.

నెల వేళ తప్పడానికి కారణాలు చాలా ఉన్నాయి. థైరాయిడ్, ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరగడం, ఉన్నట్టుండి బరువు పెరగడం లేక బాగా తగ్గడం, ఎడతెగని మనోవేదన. అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది పీసీఓఎస్. పిల్లలు కనే వయసులో ఉన్న ప్రతి వందమంది ఆడవాళ్ళలో 8 నుంచి 13 మందికి ఇది ఉంటుందని ఒక అంచనా. గడ్డం మీద వెంట్రుకలు, తగ్గని మొటిమలు, మెడ వెనక నల్లదనం దీని గుర్తులు. స్కానింగులో "నీటి బుడగలు" అని రాస్తే చాలామంది గడగడలాడిపోతారు. అవి గడ్డలు కావు. సగం పెరిగి ఆగిపోయిన అండాల సంచులు. గర్భసంచి చెడిపోయిందని కాదు, తీసేయాలని అంతకన్నా కాదు.

ఇంకో మాట. మెడికల్ షాపులో అడిగి నెల వచ్చే మాత్ర వేసుకోవడం మనలో కొందరికి అలవాటు. ఆ మాత్రతో రక్తస్రావం అవుతుంది గానీ అండం విడుదలైనట్టు కాదు. పైగా అప్పటికే గర్భం ఉందేమో పరీక్ష చేసుకోకుండా వేసుకోవడం ప్రమాదం. అండం విడుదల కావడానికి ఇచ్చే మందులు వేరు. అవి డాక్టరు పర్యవేక్షణలోనే వాడాలి.

మా లైన్లోనే ఒక కోడలుంది. పెళ్ళయి నాలుగేళ్ళు. నెల ఆలస్యమైన ప్రతిసారీ ఇంట్లో సంబరం. బొప్పాయి బందు, బిందె ఎత్తడం బందు. యాభయ్యో రోజునో అరవయ్యో రోజునో బహిష్టు అయితే ఆ పిల్ల బాత్రూములో నీళ్ళ చప్పుడు చాటున ఏడ్చేది. శ్రీమంతాలకు పిలవడం మానేశారు. చివరికి చుట్టాలు "ఇంకో సంబంధం చూస్తే ఏమైతది?" అనేదాకా వచ్చింది. పరీక్షల్లో ఆమెకు థైరాయిడ్ అని తేలింది. మందులు మొదలుపెట్టి, "మీ ఆయనను కూడా తీసుకురా" అంది డాక్టరమ్మ. ఆయన ససేమిరా అన్నాడు. "నాకేమైంది? రోజూ బాయి దిగి పనిచేస్తున్న" అన్నాడు.

అప్పుడు నోరు విప్పింది అత్తగారే. "అది ఎన్నిసార్లు సూదులు పొడిపించుకున్నది కొడుకా! నువ్వొక్కసారి పోలేవా?" అంది. వెళ్ళాడు. వీర్యకణాలు తక్కువని రిపోర్టు వచ్చింది. వాళ్ళకు ఇంకా బిడ్డ పుట్టలేదు. కానీ ఇప్పుడు ఎవరైనా "ఏమన్నా విశేషమా?" అంటే "ఇద్దరూ మందులు వాడుతున్నరు" అని అత్తగారే జవాబు చెబుతుంది. రెండో సంబంధం మాట ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. నెలసరి లోపం కంటికి కనిపిస్తుంది కాబట్టి నింద ఆడపిల్ల మీద పడుతుంది. మగవాళ్ళ లోపం పరీక్ష చేస్తే గానీ తెలియదు. సంతానం ఆలస్యమైన జంటల్లో సుమారు సగం మందిలో మగవాళ్ళ వైపు కారణం కూడా ఉంటుంది. ఎక్కువ వేడిలో ఎక్కువ సేపు పని, గుట్కా, సిగరెట్, మందు వీర్యకణాలను దెబ్బతీయొచ్చు. బాయి పని చేసే అందరికీ లోపం ఉంటుందని కాదు. పరీక్ష చేయిస్తే అనుమానం తీరుతుంది. రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి శాంపిల్ ఇవ్వాలి. తక్కువ వచ్చినా కుంగిపోవద్దు. కొత్త కణాలు తయారు కావడానికి రెండున్నర నెలలు పడుతుంది కాబట్టి, అలవాట్లు మార్చుకుని మూడు నెలల తర్వాత మళ్ళీ చేయించాలి.

ఎప్పుడు వెళ్ళాలంటే, 35 ఏళ్ళ లోపు వాళ్ళు ఏడాది ప్రయత్నించాక, 35 దాటిన వాళ్ళు ఆరు నెలలకే. నెల వేళ తప్పుతున్న వాళ్ళు ఆ గడువు కూడా చూడకుండా ఇద్దరూ కలిసి వెళ్ళాలి. ఉద్యోగుల కుటుంబాలకు సింగరేణి ఏరియా ఆసుపత్రి ఉంది. మిగతా వాళ్ళు సర్కారు జనరల్ ఆసుపత్రిలో చూపించుకోవచ్చు. పెద్ద చికిత్స అవసరమైతే సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రం ప్రారంభమైంది. ప్రైవేటుకు వెళ్ళేవాళ్ళు డబ్బు కట్టకముందే ఆ కేంద్రానికి 2021 నాటి చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. అడగడం మన హక్కు.

"ఇంకో సంబంధం" అనే వాళ్ళకూ ఒక జవాబుంది. పిల్లలు కలగలేదన్నది 1955 నాటి హిందూ వివాహ చట్టంలో విడాకులకు కారణమే కాదు. భార్య ఉండగా ఇంకో పెళ్ళి చేసుకోవడం నేరం.

ఇంట్లో చేసుకోవలసినవీ ఉన్నాయి. పీసీఓఎస్ ఉండి బరువు ఎక్కువైన వాళ్ళు అందులో 5 నుంచి 10 శాతం తగ్గినా నెలసరి దారికి రావచ్చు. 70 కిలోలుంటే మూడున్నర నుంచి ఏడు కిలోలు. పస్తులుండి కాదు. రోజూ అరగంట నడక, రాత్రికి అన్నం తగ్గించి జొన్నరొట్టె, మెంతికూర పప్పు, ఉడికించిన శనగలు, చక్కెర తగ్గించిన చాయ. గర్భం కోసం చూసేవాళ్ళు రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర ముందునుంచే వేసుకోవాలి. సమ్మక్క తల్లికి మొక్కు మొక్కుకోండి, ఎవరు వద్దన్నారు? మాత్ర మాత్రం మానొద్దు.

చివరగా ఒక హెచ్చరిక. నెల తప్పి, కడుపులో ఒక పక్క విపరీతమైన నొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా తెల్లారేదాకా ఆగకండి. గర్భం ట్యూబులో నిలిచి ఉండవచ్చు. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

కోడళ్ళున్న అత్తగార్లూ, ఈ పేజీ చదివాక మడిచి బీరువాలో పెట్టకండి. మీ అబ్బాయి షిఫ్టు దిగి వచ్చి అన్నం తిన్నాక అతని చేతికివ్వండి. వచ్చే వారం జొన్నపిండి విరగకుండా రొట్టె పలచగా కొట్టడం ఎలాగో చూద్దాం. ఉంటాను మరి.