గోదావరి గట్టును సైకిలుకు ఇవ్వండి



మన దేశంలో నదీవిహారమంటే కూర్చోవడమే. కారులో కూర్చుని రేవుకు చేరుతాం. లాంచీలో కూర్చుని పాపికొండలు చూస్తాం. కూర్చున్నచోటికే వచ్చిన పకోడీలు, భోజనాలు, ఐస్‌క్రీములు ఆరగిస్తాం. మళ్ళీ కారులో కూర్చుని ఇల్లు చేరుతాం. ఇంటివద్ద కూర్చుని సంపాదించుకున్న మధుమేహాన్నీ రక్తపోటునూ నదీతీరానికి మోసుకుపోయి, అక్కడ మరికొంత పోషించి వెనక్కు తీసుకురావడాన్ని విహారమని పిలుచుకుంటున్నాం.

నేను ఈ వ్యాసంలో కోరేది ఒక్కటే. గోదావరి డెల్టాలోని ఏటిగట్లనూ కాలువగట్లనూ సైకిలు ప్రయాణానికి సురక్షితమైన బాటలుగా మార్చాలి. ఇది ఉబుసుపోక అడిగే సౌకర్యం కాదు, ప్రజారోగ్యానికి సంబంధించిన డిమాండు. ఒక వైద్యుడు రోడ్ల గురించి ఎందుకు మాట్లాడుతున్నాడని మీకు సందేహం కలగవచ్చు. శరీరాన్ని కదిలించమని చీటీ మీద రాసి ఇవ్వడం సులభం. ఆ రోగి భయం లేకుండా కదలగలిగే చోటు ఏదని ఆలోచించడం కూడా వైద్యంలో భాగమేనని నేను నమ్ముతాను.

భారత వైద్య పరిశోధన మండలి జరిపించిన దేశవ్యాప్త అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో మధుమేహులు సుమారు 10 కోట్ల మంది. ఈ ఉపద్రవానికి వంశపారంపర్యం, ఆహారం, ఊబకాయం వంటి కారణాలు ఎన్నో ఉన్నాయి. మన చేతిలో ఉన్న కారణాలలో శరీర శ్రమ కొరవడటం ముఖ్యమైనది. పనిచేస్తున్న కండరానికి ఒక విశిష్ట గుణం ఉంది. ఇన్సులిన్ సరిగా పనిచేయని శరీరంలో కూడా అది రక్తంలోని గ్లూకోజును తనలోకి లాక్కోగలదు. తొడలు, పిరుదులు మన దేహంలోని అతి పెద్ద కండరాలు. సైకిలు తొక్కేటప్పుడు పని ప్రధానంగా వాటిదే.

కూర్చోవడం వల్ల గుండెకు కలిగే కీడు కూడా కొత్తగా తెలిసిన సంగతి కాదు. 1953లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు తన సహచరులతో కలిసి లండన్ నగరపు బస్సు సిబ్బందిపై చేసిన అధ్యయనాన్ని ప్రకటించాడు. రెండంతస్తుల బస్సులో రోజంతా కూర్చునే డ్రైవర్లతో పోలిస్తే, మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా కనిపించింది. బస్సు అదే, సంస్థ అదే. ప్రధానంగా కనిపించే తేడా కాళ్ళు కదలడం. డెబ్బై ఏళ్ళ క్రితమే ఇంత స్పష్టంగా తెలిసిన విషయాన్ని మన ప్రణాళికా రచయితలు నేటికీ పట్టించుకోకపోవడం క్షమార్హం కాదు.

నదీతీరాన్ని సైకిలుకు అప్పగిస్తే ఏమవుతుందో చూడాలంటే ఐరోపాలోని డాన్యూబ్ లోయను చూడండి. జర్మనీలోని పస్సావు పట్టణం నుండి ఆస్ట్రియా రాజధాని వియన్నా దాకా నది వెంట మూడు వందల కిలోమీటర్లకు పైబడిన సైకిలు బాట ఉంది. మెల్క్, క్రెమ్స్ పట్టణాల నడుమ ఉన్న వాహావు లోయ ద్రాక్షతోటలకూ ఆప్రికాట్ పండ్లకూ పేరు పొందింది. యునెస్కో దానిని 2000లో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది. ఆ బాటపై తిరిగేది పందెపు వీరులు మాత్రమే కాదు. ఉద్యోగ విరమణ చేసిన దంపతులు, చిన్నపిల్లలను వెంటబెట్టుకున్న తల్లిదండ్రులు రోజుకు నలభై యాభై కిలోమీటర్లు తొక్కుతూ, రాత్రికి దారిలోని ఊళ్ళలో బసచేస్తూ సాగుతారు. అలసినవారు సైకిలుతో సహా రైలెక్కవచ్చు.

ఆ బాటలో చాలా భాగం సైకిళ్ళ కోసం పుట్టింది కాదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. పూర్వం సరుకు పడవలను ఎదురు ప్రవాహంలో గుర్రాలతో లాగించేవారు. ఆ గుర్రాలు నడిచిన గట్టుదారులే నేడు సైకిలు బాటలయ్యాయి.

అటువంటి దారులు మనకు లేవా? 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుండి కాటన్ దొర తవ్వించిన కాలువలు సాగునీటికి మాత్రమే ఉద్దేశించినవి కావు, పడవల రాకపోకలకు కూడా. అందుకే వాటికి లాకులు కట్టారు. ఏలూరు కాలువ గోదావరి కాలువలను కృష్ణా కాలువలతో కలిపింది. అక్కడి నుండి బకింగ్‌హాం కాలువ మీదుగా చెన్నపట్నం దాకా పడవలు సాగాయి. గాలి లేనప్పుడు మన పడవవాళ్ళు తాడు భుజాన వేసుకుని గట్టు మీద నడుస్తూ పడవను లాగేవారు. డాన్యూబ్ తీరాన గుర్రాలు నడిచిన దారిని వారు కాపాడుకున్నారు. మన మనుషులు నడిచిన దారిని మనం ముళ్ళకంపలకూ చెత్తకుప్పలకూ ఇసుక లారీలకూ వదిలేశాం.

ధవళేశ్వరం వద్ద బయలుదేరి, బొబ్బర్లంక చేరి, ఆత్రేయపురం, లొల్ల లాకుల మీదుగా కోనసీమలోకి ప్రవేశించి, వశిష్ఠ సముద్రంలో కలిసే అంతర్వేది దాకా సాగే దారిని ఊహించండి. ఎత్తుపల్లాలు లేని నేల. ఒకపక్క నీరు, మరొకపక్క కొబ్బరితోటలు, వరిచేలు. కొద్ది దూరానికో ఊరు, ప్రతి ఊళ్ళో తాగునీరు, తినడానికి ఇడ్లీ, అవసరమైతే వైద్యసహాయం. వయసు మళ్ళినవారికి ఇంతకంటే అనువైన వ్యాయామశాలను కోట్లు పోసినా కట్టలేం.

దీనికి చెప్పే అభ్యంతరాలు నాకు తెలియనివి కావు. వాటిని ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, మోకాళ్ళ నొప్పి. ‘మోకాళ్ళు అరిగాయి కనుక సైకిలు తొక్కవద్దు’ అన్న సలహా వైద్యుల నోట కూడా వినవస్తున్నది. ఎక్కువమంది విషయంలో ఇది తలకిందులైన సలహా. నడకలో మోకాలు శరీర బరువును మోస్తుంది. సైకిలుపై ఆ బరువులో అధికభాగాన్ని సీటు మోస్తుంది. తొడ కండరాలు బలపడితే అరిగిన కీలుకు ఆసరా లభిస్తుంది. అయితే సీటు ఎత్తు సరిగా ఉండాలి. పెడలు అట్టడుగుకు వచ్చినప్పుడు మోకాలు స్వల్పంగా మాత్రమే వంగి ఉండాలి. మనవాళ్ళు సీటును బాగా కిందికి దించి తొక్కి, నొప్పి రాగానే నిందను సైకిలుపై వేస్తారు.

రెండవది, వయసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనలు అరవై ఐదేళ్ళు దాటినవారికి కూడా వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ కావాలంటున్నాయి. దానికి తోడు బలాన్నీ శరీర సమతుల్యాన్నీ పెంచే వ్యాయామాలు చేయాలంటున్నాయి. వృద్ధాప్యం విశ్రాంతికోసమేనన్న మన నమ్మకానికి శాస్త్రంలో ఆధారం లేదు.

మూడవది, ఎండ. ఇది న్యాయమైన అభ్యంతరమే. మే నెల మధ్యాహ్నం ఎవరూ తొక్కవద్దు. కాని కార్తీకం నుండి మాఘం దాకా గోదావరి తీరాన ఉదయపు గాలి ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా?

నాల్గవది నోరు విప్పి చెప్పనిది. అది పరువు. సైకిలు పాలవాడిది, కూలివాడిదని మన మధ్యతరగతి తీర్మానించుకుంది. బడికి వెళ్ళే ఆడపిల్లలకు ప్రభుత్వం సైకిళ్ళు పంచితే సంతోషించాం. అదే సైకిలు ఇంటి యజమాని ఎక్కితే పొరుగువారు ఏమనుకుంటారోనని వెనుకాడుతున్నాం. ఈ పరువుకు మన రక్తనాళాలు మూల్యం చెల్లిస్తున్నాయి.

ఐదవది, భూమి, డబ్బు. గట్లు ప్రభుత్వానివే కనుక కొత్తగా పొలాలు సేకరించవలసిన పని లేదు. వరదను ఆపే గట్టుపై రాకపోకలు కూడదంటారా? 1986 ఆగస్టు వరదలో గట్లు తెగితే ఏమవుతుందో గోదావరి జిల్లాల వారికి తెలుసు. ఆ భయమే ఉంటే ముందుగా ఆపవలసింది ఇసుక లారీలను. సైకిలు బరువుకు గట్టు కుంగదు. పైగా నిత్యం మనుషులు తిరిగే గట్టులో గండి, బీట త్వరగా కంటబడతాయి. అయితే ఒక హెచ్చరిక. గట్టుపై గుడిసెలు వేసుకున్న పేదలను వెళ్ళగొట్టడానికి ఈ బాట సాకు కారాదు. వారికి న్యాయం చేశాకే పని మొదలుపెట్టాలి. ప్రయాణికులకు టీ, టిఫిను అమ్ముకునే మొదటి అవకాశం కూడా వారిదే కావాలి.

బాట కోసం కొట్లాడుతూనే, ఉన్న దారిలో మీరు చేయగలిగినది చెబుతాను. గుండెజబ్బు ఉన్నవారు, ఛాతీలో బరువు, ఆయాసం, కళ్ళు తిరగడం వంటి లక్షణాలు ఉన్నవారు ముందుగా వైద్యుని సంప్రదించండి. మొదటి వారం రోజుకు ఇరవై నిమిషాలు చాలు. తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట పాడగలిగితే ఇంకొంచెం వేగం పెంచవచ్చు. ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి బిళ్ళలు గాని వాడేవారికి దారిలో చక్కెర పడిపోవచ్చు. గ్లూకోజు పొడి గాని పంచదార గాని జేబులో ఉంచుకోండి, తోడు లేకుండా వెళ్ళకండి. తలకు హెల్మెట్ తప్పనిసరి. ఛాతీలో నొప్పి వస్తే ‘ఊరు దగ్గరకొచ్చింది కదా’ అనుకోకుండా అక్కడే ఆగి సహాయం కోరండి. సైకిలు ఎముకల గట్టిదనానికి పెద్దగా తోడ్పడదు కనుక నడకను మానవద్దు.

ఇక మీరు చేయవలసిన రెండవ పని. మీ గ్రామసభలో లేచి నిలబడి, మన ఊరి పరిధిలోని గట్టుపై లారీలను నిషేధించి, కంపలు కొట్టించి, చెట్లు నాటించాలని తీర్మానం కోరండి. ఊరూరా అటువంటి తీర్మానం జరిగితే ధవళేశ్వరం నుండి అంతర్వేది దాకా బాట దానంతటదే కలుస్తుంది. ఆసుపత్రి కట్టిస్తామని ఓట్లడిగే నాయకులు మీ గుమ్మానికి వచ్చినప్పుడు, ఆసుపత్రితోపాటు ఆసుపత్రి అవసరాన్ని తగ్గించే గట్టు కూడా కావాలని అడగండి. అడగడానికి సిగ్గుపడకండి. ఆ గట్టు మీ పన్నులతో నిలిచింది.